మూడు గాట్ల బిళ్ళ

చీట్లు వేసిన 6వ రోజు

అల మోకాలెత్తు. మోకులు రెండు వందల నలభయ్యీ తడిమి చూశాను. అన్నీ బిగువుగానే ఉన్నాయి.

ఈ చిట్టా నిజానికి మోకుల కోసం. తేలే మా ఊరు ఈతలంకలో తెప్పల మీద ఉన్న అరవై ఇళ్లను ఒకదానికొకటి కట్టి నీళ్ల మీద నిలబెట్టే లావుపాటి తాళ్లను రోజూ చూసి రాయడం నా పని. రాయాల్సింది రెండు లైన్లే. మిగతా కాగితం ఖాళీగా పోతుంటే నాకు ప్రాణం ఒప్పదు. అందుకని నా గోడు కూడా ఇందులోనే రాస్తున్నాను. తనిఖీకి వచ్చినవాళ్లు పై రెండు లైన్లు చదివి వెళ్లిపోతే వాళ్లకీ మంచిది, నాకూ మంచిది.

ఈ ఏడాది చీట్లలో మాకు ముప్ఫై ఒకటో నంబరు ఇల్లు వచ్చింది. గాలి వరస. తుఫాను వస్తే మొదటి దెబ్బ మాదే. చీటీ విప్పగానే మా ఆయన వీర్రాజు మొహం వేలాడేశాడు. ఎప్పుడూ ఒకళ్లే గాలి వరసలో పడి ఉండకూడదని ఏటా తుఫానుల కాలం దాటగానే చీట్లు వేసి ఇళ్లు మార్చుకోవడం మా ఊరి పద్ధతి. న్యాయమైన పద్ధతే, నేను కాదనను. మనుషులు, బట్టలు, గిన్నెలు మారతాయి. పొయ్యి, నీళ్ల తొట్టి, గోడలో బిగించిన డాక్టరు మాత్రం ఇంటితోనే ఉండిపోతాయి. ఆ గోడ డాక్టరును అందరం గోడమ్మ అంటాం.

మా పెళ్లయ్యాక ఇది నాలుగో ఇల్లు. మొదటి ఏడు ఎనిమిదో నంబరు, తర్వాత ఇరవై రెండు, పోయినేడు పదిహేడు. మూడిళ్లలో మూడుసార్లు నెల తప్పాను. మూడూ మూడో నెల నిండకుండానే పోయాయి. ప్రతిసారీ గోడమ్మ ఒకటే మాట చెప్పింది. "ఇంటివారూ, ఇది మొదటిసారి. చాలామందికి ఇలా జరుగుతుంది. భయపడకండి. మళ్లీ ప్రయత్నించండి." దాని గొంతు ఎంత మెత్తగా ఉంటుందంటే, మొదటి రెండుసార్లూ నేను నమ్మాను.

పదిహేడో నంబరులో మాత్రం ఇంకో మాట కలిపింది. "ఈ ఇంట్లో ఇది ఐదోసారి. ఇంటిని బాగు చేయించండి." అది వినగానే మరమ్మతుల పెద్ద పాపాయమ్మ పిన్ని నలుగురిని వెంటేసుకుని వచ్చి నేలంతా పీకించి కొత్త చెక్కలు వేయించింది. ఆ నేలకు అది రెండో విడత. నేను మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని, ఆ సుత్తుల చప్పుడులో ఎవరికీ వినబడదులే అని గట్టిగా ఏడ్చాను.

సరే, అది పోయినేటి మాట. ఈ రోజు వీర్రాజు కొత్త పొయ్యి మీద పీతల పులుసు పెట్టాడు. బాగా కుదిరింది. గాలి వరసైనా ఫర్వాలేదనిపించింది.

19వ రోజు

పన్నెండో ఇంటికీ పదమూడో ఇంటికీ నడుమ 212వ మోకు తెగింది. కట్టేశాను.

అల కూడా లేదు. పన్నెండో ఇంటావిడ వాకిట్లో నిలబడి, "రోజూ తడుముతావు గదమ్మా, ఏం తడిమేవు?" అని దులిపేసింది. మాట పడ్డాను. ఆవిడ పచ్చళ్ల జాడీలు రెండు నీళ్లపాలయ్యాయి మరి.

ప్రతి మోకుకూ ఒక ఇత్తడి బిళ్ళ ఉంటుంది. దాని మీద నంబరు. మోకు తెగినప్పుడల్లా బిళ్ళ అంచున ఆకురాయితో ఒక గాటు పెడతాం. బాగుచేసిన మోకు ఒక తుఫానుల కాలం దాటితే గాటు పక్కన చుక్క పొడుస్తాం. మోకులనూ అటూ ఇటూ మారుస్తుంటాం కాబట్టి, ఎక్కడికి వెళ్లినా బిళ్ళ దాని వెంటే వెళుతుంది.

212కు ఇదివరకే రెండు గాట్లున్నాయి. రెండేళ్ల కిందట ఇరవయ్యో ఇంటి దగ్గర, పోయినేడు నలభయ్యో ఇంటి దగ్గర. ఇది మూడోది. అనుమానం వచ్చి పురి విప్పి చూశాను. లోపలి పేటల్లో ఒకటి మిగతావాటికి వ్యతిరేకంగా తిరిగి, ఎదురుపురి పడి ఉంది. పైకి చూస్తే ఊరు మొత్తం మీద ఇంత అందమైన తాడు లేదు. ఆ ఒక్క పేటా తీసేసి, కొత్తది వేసి మళ్లీ పేనాను. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది.

గాటు పెడుతుంటే ఆకురాయి చేతిలో ఆగిపోయింది. బిళ్ళే లేకపోతే ఏం చేసేవాళ్లం? ఇరవయ్యో ఇంటి అంచు గరుకుగా ఉందని నున్నగా చిత్రిక పట్టించేవాళ్లం. నలభయ్యో ఇంటి కొక్కెం తుప్పు పట్టిందని మార్పించేవాళ్లం. మోకును మాత్రం మళ్లీ మళ్లీ కట్టి, మొదటిసారే కదా అనేవాళ్లం.

నాకూ మూడు గాట్లున్నాయి. అవి మూడిళ్ల గోడల్లో ఉన్నాయి, నా దగ్గర లేవు. ఈ ఊళ్లో తాడుకున్నపాటి మర్యాద నాకు లేకపోయింది. పన్నెండో ఇంటావిడ తిట్టినదానికి కాదు గానీ, దీనికి నాకు ఒళ్లు మండిపోయింది.

20వ రోజు

మోకులన్నీ సరి.

పొద్దున్నే గోడమ్మ ముందు పీట వేసుకుని కూర్చున్నాను.

"గోడమ్మా, నాకెన్నిసార్లు కడుపు పోయింది?"

"ఇంటివారూ, ఈ ఇంట్లో మీకు అలాంటిదేమీ జరగలేదు. సంతోషం."

సంతోషమట!

"ఎనిమిదో నంబరు గోడమ్మను అడిగి చూడు."

"ఒక ఇంటి మాట ఇంకో ఇంటిని అడగను. చెప్పను."

అది పెద్దలు పెట్టిన నియమం. గోడలన్నీ మాట్లాడుకుంటే ఒకరి గుట్టు ఒకరికి తెలిసి తలలు పగలగొట్టుకుంటారని, ఊరు కట్టిన రోజునే ఇంటికీ ఇంటికీ మధ్య తీగలు కలపలేదు. మంచి ఉద్దేశంతోనే చేశారు. మంచి ఉద్దేశంతో చేసినదాన్ని తిట్టడానికి కూడా వీలుండదు.

"సరే. ఒక మనిషికి మూడుసార్లు పోతే ఏం చేయాలి?"

"రెండుసార్లు పోతేనే కారణం వెతకడం మొదలుపెట్టాలి. రక్తపరీక్షలు, గర్భసంచి స్కాను. భార్యాభర్తలిద్దరినీ చూడాలి. ఆస్పత్రి ఓడలోని డాక్టరును కలవాలి."

"ఈ ముక్క మూడేళ్ల నుంచి నాకెందుకు చెప్పలేదే?"

"ఇంటివారూ, మీకింకా మొదటిసారి కూడా కాలేదు."

చేతిలో గరిటె ఉంది. విసిరేదాన్నే. వీర్రాజు వచ్చి గరిటె లాక్కున్నాడు. ఉప్పునీళ్లు కాచి మంచినీళ్లు తీసే బట్టీ దగ్గర పొద్దుటి కాపలా వదిలేసి, నా అరుపులు విని వచ్చినట్టున్నాడు. సంగతంతా చెప్పాను. పాపం, తల గోక్కున్నాడు.

"అంటే మనకి మూడుసార్లయ్యిందని మనకి తప్ప ఎవరికీ తెలీదన్నమాట," అన్నాడు.

"అంతే."

"దానిమీద అరిత్తే ఏం లాభం రత్నం? కట్టినోళ్లు దాన్నలా కట్టేరు. పద, ఆ మూడిళ్లకీ ఎళ్లి అడుగుదాం. మనవి మనం తెచ్చుకుందాం."

నా పేరు నూకరత్నం. ఆయన రత్నం అంటే నాకు కోపం సగం దిగుతుంది. మిగతా సగం పనికొస్తుందని దాచుకున్నాను.

24వ రోజు

53వ మోకు కొంచెం వదులు. బిగించాను.

పాత మోకు నుంచి తీసిన ఇత్తడి బిళ్ళ ఒకటి నా పెట్టెలో పడి ఉంది. నంబరు అరగదీసి నా పేరు చెక్కుకున్నాను. దాంతోనే బయలుదేరాం.

ఎనిమిదో నంబరులో కొత్తగా పెళ్లయిన జంట. ఆ ఇంటి సంగతి ఆ ఇంట్లో ఉన్నవాళ్లు అడిగితేనే గోడమ్మ చెబుతుంది. ఆ పిల్ల సిగ్గుపడుతూనే అడిగింది. గోడమ్మ తేదీ చెప్పింది, తొమ్మిదో వారం అని చెప్పింది. ఒక గాటు పెట్టుకున్నాను.

ఇరవై రెండులో ఒక ముసలాయన ఒక్కడే ఉంటున్నాడు. ఆయనకు చెవుడు. గోడమ్మ గొంతు ఎంత పెంచాలో అంతా పెంచి పెట్టుకున్నాడు. అది నా పదో వారం సంగతి అరిచి చెప్పేసరికి అటు మూడిళ్లు, ఇటు మూడిళ్లు విన్నాయి. వీర్రాజు తల దించుకున్నాడు. నాకు మాత్రం మొదట సిగ్గేసి, తర్వాత ఏమీ అనిపించలేదు. ఇన్నాళ్లూ నేనొక్కదాన్నే మోసినదాన్ని ఎవరో కాసేపు పట్టుకున్నట్టుంది. రెండో గాటు.

పదిహేడు ఖాళీగా ఉంది. ఈసారి ఆ చీటీ వచ్చినవాళ్లు ఇల్లు అచ్చిరాదని వెనక్కిచ్చేసి అత్తవారి తెప్పలో సర్దుకున్నారు. లోపల పాపాయమ్మ పిన్ని ఉంది. డెబ్భై దాటిన మనిషి, చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని నేల చెక్కలు పీకుతోంది.

"మళ్లీనా పిన్నీ?"

"మళ్లీనే. అడుగున ఏదో ఉందే ఈ కొంపకి. ఈసారి అడుగుదూలం దాకా పీకేత్తాను."

"జబ్బు ఇంటికి కాదు పిన్నీ. నాకుందేమో చూడాలి."

సంగతి చెప్పి, గోడమ్మను అడిగిపెట్టమన్నాను. ఖాళీ ఇంటికి మరమ్మతుల పెద్దే ఇంటివారు. ఆవిడ సుత్తి కింద పెట్టలేదు.

"ఇంటి మాటని బిళ్ళ చేసి మెళ్లో ఏసుకు తిరుగుతావటే? రేపు ఊరంతా ఏసుకుంటారు. పెద్దోళ్లు ఎందుకొద్దన్నారో తెల్దా నీకు?"

"ఇంటి మాట కాదు, నా మాట. గోడల్లోనే ఉంటే వచ్చిపోయేవాళ్లందరూ అడగొచ్చు. నా మెళ్లో ఉంటే నేను చూపించినోళ్లే చూస్తారు."

అప్పుడు, అవసరపడుతుందని మోకు నుంచి విప్పి తెచ్చిన 212 బిళ్ళ తీసి ఆవిడ చేతిలో పెట్టాను. మూడు ఇళ్లు, మూడు గాట్లు, లోపల ఎదురుపురి. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. బొటనవేలితో గాట్లను ఒక్కొక్కటీ తడిమింది.

"నాకు నాలుగు," అంది.

"ఏంటి పిన్నీ?"

"నాలుగు పోయినియ్యి. నాలుగిళ్లలో. ఆ గోడ పీనుగ నాలుగుసార్లూ మొదటిసారనే చెప్పింది. ఇళ్లల్లోనే ఏదో ఉందనుకున్నాను. అందుకే గదటే ఈ సుత్తి పట్టింది."

నలభై ఏళ్లుగా ఈ ఊళ్లో ఏ ఇంట్లో ఎవరికి కడుపు పోయినా ముందు పరిగెత్తుకొచ్చింది పాపాయమ్మ పిన్నే. చాదస్తం అనుకునేవాళ్లం. నేనూ అనుకున్నాను. ఆ సుత్తుల చప్పుడుకు ఆవిడను ఎంత తిట్టుకున్నానో నాకే తెలుసు. వెళ్లి ఆవిడ పక్కన ఆ చెక్కల మీదే కూర్చున్నాను.

కాసేపటికి ఆవిడే లేచి గోడమ్మను అడిగింది. పదకొండో వారం. మూడో గాటు పెట్టుకున్నాను.

ఇంటికొచ్చాక సాయంత్రం లోపల ముగ్గురు ఆడవాళ్లు ఏదో పని ఉన్నట్టు మా వాకిట్లోకి వచ్చారు. ఒకామె ఉప్పు అడిగింది. ఉప్పు సముద్రం మీద ఉండి ఉప్పు అడగడమేమిటని నవ్వాను. ఆమె కూడా నవ్వి, తర్వాత మెల్లగా, "ఆ బిళ్ళ లాంటిది ఇంకోటుందా అక్కా?" అంది.

40వ రోజు

మోకులన్నీ సరి. ఆస్పత్రి ఓడ కట్టిన రెండు మోకులు కూడా చూశాను.

ఓడ నలభై రోజులకోసారి వచ్చి మూడు రోజులుంటుంది. మొన్న ఓడ రాగానే డాక్టరు హసీనా గారు నా బిళ్ళను చేతిలోకి తీసుకుని, "ఇదేం నగ?" అన్నారు. నగ కాదు, చరిత్ర అన్నాను. విన్నాక ఆవిడ కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నారు. మూడేళ్లలో ఎవరూ నాకోసం కుర్చీ జరపలేదు.

అప్పుడే ఇద్దరికీ రక్తం తీశారు.

"నాదెందుకండీ?" అన్నాడు వీర్రాజు, చొక్కా చెయ్యి మడవకుండానే.

"బిడ్డలో సగం మీది కదండీ," అన్నారావిడ.

ఆ మాటకు ఆయన రెండు చేతులూ చాపాడు. నాకు స్కాను తీశారు, థైరాయిడ్, షుగరు చూశారు. ఫలితాలు ఈ రోజు వచ్చాయి. అన్నీ బాగున్నాయి, ఒక్కటి తప్ప.

"మీ రక్తానికి కొంచెం తొందరెక్కువ రత్నం గారూ. గడ్డ కట్టకూడని చోట కడుతుంది. మామూలుగా మీకేమీ తెలీదు. బిడ్డకు మాయ ఏర్పడే చోట నాళాలు వెంట్రుకంత సన్నంగా ఉంటాయి. అక్కడ ఇబ్బంది. దీనికి మందుంది. కానీ ఒక్క పరీక్షతో నిర్ధారణ చేయకూడదు. పన్నెండు వారాలు దాటాక మళ్లీ చూడాలి. అప్పటిదాకా ఆగండి."

"మోకులు లాగడం వల్లేనా అమ్మా?" అని అడిగాను. మూడేళ్ల నుంచి గొంతులో ఉన్న మాట అది.

"కాదు. మోకులు కాదు, మెట్లు కాదు, తిన్న కూర కాదు, ఎవరి దిష్టీ కాదు. మీ ఆయనతో పోట్లాడినందుకూ కాదు."

"ఆ ఆఖరిది మాత్రం రాసివ్వకండి డాక్టరు గారూ," అన్నాడు వీర్రాజు.

నవ్వు వచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. రెండూ కలిసి వస్తే ముక్కు తుడుచుకోవడం తప్ప చేసేదేమీ లేదు. ఆవిడ ఇంకో మాట కూడా చెప్పారు. అందరికీ కారణం దొరకదట, సగంమందికి ఏమీ కనబడదట. కనబడకపోయినా వాళ్లలోనూ చాలామందికి తర్వాత బిడ్డ నిలుస్తుందట. ఒక్కసారి పోవడమైతే మామూలు సంగతేనట, ఎన్నో ఇళ్లలో జరుగుతుందట. పదిహేడో నంబరు గురించి అడిగాను. ఐదుగురు వేరువేరు మనుషులకు ఒక్కోసారి జరిగితే అందులో ఇంటి తప్పేముంది అన్నారు.

నాతో, ఉప్పు అడిగినామెతో కలిపి ఓడ దగ్గరికి తొమ్మిది మందిమి వచ్చాం. తొమ్మిది బిళ్ళలూ నేను చెక్కినవే. ఓడలోని యంత్రాల మేస్త్రి ఒక్కోదాని వెనక ఆవగింజంత చిప్పు అతికించి, గోడమ్మకు ఆనిస్తే చదువుతుందని చెప్పాడు.

158వ రోజు

77వ మోకు మార్చాను.

మళ్లీ రక్తం తీశారు. మళ్లీ అదే తేలింది. జబ్బు ఉందని ఖాయమైతే ఇంత హాయిగా ఉంటుందని నేననుకోలేదు. దారిలో వీర్రాజు ఈల వేశాడు. ఇప్పటి నుంచి రోజూ ఒక చిన్న మాత్ర. నెల తప్పిన రోజు నుంచి పొట్టమీద రోజుకో సూది. సూదులు ఓడవాళ్లు డబ్బాలో సర్ది ఇచ్చారు. ఆ డబ్బాను వీర్రాజు బియ్యం డబ్బాకన్నా పై అరలో పెట్టాడు.

205వ రోజు

మోకులు సరి.

నెల తప్పాను. పొద్దున్నే గోడమ్మకు రక్తపు చుక్క ఇచ్చాను.

"ఇంటివారూ, శుభం. ఇది మొదటిసారి," అంది.

అలవాటు కొద్దీ బిళ్ళ మెడలోంచి తీయడం మరిచాను. తీసి ఆనించబోయి ఆగాను. ఈ బిడ్డ నిలిచాక ఆనిస్తానని మనసులో అనుకున్నాను. మొక్కుబడి కాదు, మొండితనం.

వీర్రాజు మొదటి సూది వేయడానికి నాలుగుసార్లు చేతులు కడుక్కున్నాడు. నీళ్ల బట్టీ మనిషి కాబట్టి నీళ్లకు లోటు లేదు. "నొప్పెట్టిందా?" అంటాడు, సూది ఇంకా చేతిలోనే ఉంది. చివరకు కళ్లు మూసుకుని వేయబోతే, "అయ్యా, ఒక్క కన్నైనా తెరువు," అన్నాను. ఒక్క కన్ను తెరిచి వేశాడు. తర్వాత ఆయనే పీట మీద కూలబడ్డాడు, నేనే మజ్జిగ ఇచ్చాను.

238వ రోజు

మోకులు నాతోపాటు ఉప్పు అడిగినామె కూడా చూసింది. బరువైనవి ఆమే లాగుతోంది.

తొమ్మిదో వారం. ఓడలో స్కాను. డాక్టరు గారు తెర నావైపు తిప్పారు. గుండె. బియ్యపు గింజంత లేదు గానీ ఎంత కంగారుగా కొట్టుకుంటోందో! వీర్రాజు ఆ కొట్టుకోవడాన్ని వేళ్ల మీద లెక్కపెట్టబోయాడు, అందలేదు.

నాకు భయం పోలేదు. రాసి పెడుతున్నాను, తర్వాత ధైర్యంగా ఉన్నానని కోతలు కోయకుండా. మంచం దిగేముందు ప్రతి ఉదయం పక్క తడిమి చూసుకుంటున్నాను. మరక లేకపోతే లేచి పళ్లు తోముకుంటున్నాను. పాపాయమ్మ పిన్ని మంచం దిగొద్దంటుంది. పడుకున్నంత మాత్రాన నిలవదని, మామూలుగా తిరగమని డాక్టరు గారు అన్నారు. ఇద్దరికీ తలూపి, తిరుగుతున్నాను.

256వ రోజు

మోకులు సరి. గాలి లేదు.

పదకొండో వారం దాటింది. ఇక్కడి దాకా నేనెప్పుడూ రాలేదు. ఈ రోజు ఏం చేయాలో తెలియలేదు. ఇల్లు తుడిచాను, మళ్లీ తుడిచాను. వీర్రాజు బట్టీ నుంచి తొందరగా వచ్చేశాడు, తనకూ తోచలేదట. ఇద్దరం వాకిట్లో కాళ్లు నీళ్లలో పెట్టుకుని, వేయించిన చిన్న రొయ్యలు తిన్నాం. చాలా బాగున్నాయి.

311వ రోజు

తుఫాను దాటింది. నాలుగు మోకులు తెగాయి. 212 తెగలేదు.

రెండు రోజులు గాలి వరసలోని వాళ్లమంతా నడి వరస ఇళ్లలో తలదాచుకున్నాం. లోపల బిడ్డ మాత్రం ఇదంతా తనకు ఊయల అనుకున్నట్టుంది, మొదటిసారి బాగా తెలిసేలా తన్నింది. గాలి తగ్గగానే వెళ్లి 212 చూశాను. పేట చెదరలేదు. మూడో గాటు పక్కన చుక్క పొడిచాను. చుక్క పొడవడానికి ఒక్క సుత్తి దెబ్బ చాలు. నేను రెండు వేశాను.

చీట్ల రోజు

అల లేదు. అన్ని మోకులూ విప్పి కట్టే రోజు కాబట్టి రాసేదేమీ లేదు.

ఏడో నెల నాకు. చీట్ల కుండ చుట్టూ ఊరంతా చేరింది. పదిహేడో నంబరు చీటీ వచ్చిన కుటుంబం దాన్ని చూడగానే ఇంకెవరైనా మార్చుకుంటారా అని దిక్కులు చూసింది. నాకు నడి వరసలో మంచి ఇల్లే వచ్చింది.

"నాకివ్వండి పదిహేడు," అన్నాను.

గోల మొదలైంది. ఒకరు కడుపుతో ఉన్నదానివి అంటారు, ఒకరు అచ్చిరాని ఇల్లు అంటారు. పాపాయమ్మ పిన్ని లేచి నిలబడింది. ఆపుతుందేమో అనుకున్నాను.

"ఊరు మొత్తం మీద గట్టి నేల దానిదే," అంది. "మూడుసార్లు మార్చేను. గొట్టాలు కొత్తయ్యి. దూలం కొత్తది. దానికన్నా మంచి కొంప మీలో ఎవరికుందో చెప్పండి సూద్దాం."

పదిహేడు నాకే ఇచ్చేశారు. ఆడవాళ్లు ఎనిమిది మంది నవ్వారు. ఎనిమిది మెడల్లోనూ బిళ్ళలు ఎండకు తళుక్కుమన్నాయి.

కొత్త ఏడు, 79వ రోజు

మోకులు నేను చూడలేదు. ఉప్పు అడిగినామె చూసి సరి అని చెప్పింది. ఆమెకు ఏ కారణమూ దొరకలేదు. అయినా ఇప్పుడు ఆమెకు నాలుగో నెల, ఓడ వచ్చినప్పుడల్లా స్కాను.

మొన్న ఉదయం, ఓడ కట్టి ఉండగానే, దాంట్లోనే ఆడపిల్ల పుట్టింది. సూదులు ముందే ఆపేశారు. రెండు కిలోల ఎనిమిది వందలు. వీర్రాజు ఎత్తుకోవడానికి మళ్లీ నాలుగుసార్లు చేతులు కడుక్కున్నాడు. ఏడుపు చూస్తే నా పోలికేనని ఊరంతా తేల్చేసింది. కాదనడానికి నా దగ్గర సాక్ష్యం లేదు.

ఈ ఉదయం బిడ్డతో పదిహేడో నంబరుకు వచ్చాను. చీట్లు మారితే పాతవాళ్లనూ కొత్త ఇంటివారుగానే లెక్కపెట్టే గోడమ్మ అలికిడి విని, "ఇంటివారూ, శుభం. ఇది మొద..." అంటుండగానే బిళ్ళ తీసి ఆనించాను. ఒక్క క్షణం ఆగింది.

"నూకరత్నం గారూ," అంది. "ఇది మీ నాలుగో గర్భం."

గోడమ్మ నోట నా పేరు వినడం అదే మొదటిసారి. ఎనిమిదో నంబరులో పోయింది, ఇరవై రెండులో పోయింది, ఈ గదిలోనే పోయింది, మూడూ ఆ నాలుగులో ఉన్నాయి. వాటిని లెక్కలోకి తీసుకున్నవాళ్లు నేనూ వీర్రాజూ కాక ఇంకెవరూ లేరనుకున్నాను ఇన్నాళ్లూ. బిడ్డను గుండెకు అదుముకుని నిలబడిపోయాను. ఆయన నా వెనకే నిలబడ్డాడు. మాకు చాలా సంతోషంగా ఉంది.

పాపాయమ్మ పిన్ని పసిదాన్ని చూడటానికి వచ్చింది. చూసింది, ముద్దు చేసింది, దిష్టి తీసింది. దిష్టి కాదని డాక్టరు గారు చెప్పారు పిన్నీ అంటే, తీత్తే పోయేదేముందంది. వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి, నడుం దగ్గర ముడి విప్పి ఇత్తడి బిళ్ళ ఒకటి తీసింది. నేను చెక్కినది కాదు. వంకరగా ఉంది, తన చేత్తోనే చెక్కుకున్నట్టుంది. అంచున నాలుగు గాట్లు. వెనక ఆవగింజంత చిప్పు. ఓడ దగ్గరికి ఎప్పుడు వెళ్లిందో మాకెవరికీ తెలియదు.

నావైపు చూడకుండా వెళ్లి గోడకు ఆనించింది.

"పాపాయమ్మ గారూ," అంది గోడమ్మ. "మీకు నాలుగుసార్లు గర్భం పోయింది. నాలుగుసార్లంటే చాలా ఎక్కువ. కారణం వెతకాల్సింది. వెతకలేదు."

ఆవిడ చెయ్యి గోడ మీదే ఉంది. "ఆఁ, నాలుగు," అంది. గొంతు మామూలుగానే ఉంది, కళ్లు మాత్రం తుడుచుకుంది. తర్వాత వంగి, నేల చెక్కల మీద అరచెయ్యి ఆనించి, అటు నుంచి ఇటు దాకా నిమిరింది.

"ఈ ఇంటికేం జబ్బు లేదే రత్నం," అంది.

"లేదు పిన్నీ."

"అయితే ఆ పిల్లని ఇలాగియ్యి. కాసేపు ఎత్తుకుంటాను."

ఇచ్చాను.